రొమ్ము క్యాన్సర్: పేరు ఒకటే, జబ్బులు వేరు

గుంటూరు పెద్దాసుపత్రిలోనైనా, విజయవాడ సూర్యారావుపేటలోని ఆసుపత్రుల్లోనైనా, క్యాన్సర్ విభాగం ఎదుట వంతు కోసం కూర్చున్న కుటుంబాలు మాటల్లో పడితే చికిత్సలను పోల్చి చూసుకోకుండా ఉండవు. "ఆవిడకు ముందే ఆపరేషన్ చేశారట, మా అమ్మకు ముందు కీమో ఎక్కిస్తామంటున్నారు, ఎందుకో?" అని ఒకరు అడుగుతారు. "వదినకు ఏడాది పాటు ఇంజెక్షన్లు రాశారు, నాకు బిళ్ళలతో సరిపెట్టారు" అని మరొకరు బాధపడతారు. ఈ ప్రశ్నలు న్యాయమైనవే. అయితే వాటికి ఓపికగా జవాబు చెప్పేవారు దొరకనప్పుడు అనుమానం మొదలవుతుంది, అనుమానం ముదిరితే చికిత్స మధ్యలోనే ఆగిపోతుంది. రొమ్ము క్యాన్సర్ విషయంలో అన్నిటికంటే ముందు అర్థం కావలసిన సంగతి ఏమిటంటే, ఆ ఒక్క పేరు కింద కనీసం మూడు వేర్వేరు జబ్బులు ఉన్నాయి. వాటి స్వభావాలు వేరు, అవి లొంగే మందులు వేరు, చికిత్స జరగవలసిన వరుస కూడా వేరు. పక్క మంచం మీద ఉన్న ఆవిడకు సరైన వైద్యం మనకు తప్పుడు వైద్యం కావచ్చు.

రొమ్ములో పాలు తయారుచేసే చిన్న గ్రంథులు, ఆ పాలను చనుమొన దాకా తెచ్చే సన్నని నాళాలు ఉంటాయి. ఎక్కువ క్యాన్సర్లు ఈ నాళాల లోపలి పొరలోని కణాల్లో పుడతాయి. కొంతకాలం అవి నాళం గోడ దాటకుండా లోపలే పెరుగుతాయి, ఆ దశలో పట్టుకుంటే ప్రాణానికి ముప్పు దాదాపు ఉండదు. గోడను దాటి పక్కనున్న కణజాలంలోకి చొచ్చుకుపోయిన తర్వాత వాటికి రెండు దారులు తెరుచుకుంటాయి: లింఫ్ అనే ద్రవాన్ని మోసే నాళాల గుండా చంకలోని గ్రంథులకు, రక్తం గుండా ఎముకలకు, ఊపిరితిత్తులకు, కాలేయానికి, ఒక్కోసారి మెదడుకు. రొమ్ములో ఉన్న గడ్డ తనంతట తాను ప్రాణం తీయదు. అక్కడి నుంచి వెళ్ళి ముఖ్యమైన అవయవాల్లో స్థిరపడిన కణాలు ప్రాణం తీస్తాయి. అందుకే ఈ జబ్బు చికిత్సలో ఎప్పుడూ రెండు పనులు జమిలిగా సాగుతాయి. రొమ్ము, చంకలలో ఉన్నదాన్ని తొలగించడం ఒకటి, అందుకు ఆపరేషన్, రేడియేషన్ ఉన్నాయి. కంటికి, స్కానింగుకు కూడా కనబడకుండా ఒంట్లో ఎక్కడైనా చేరి ఉండగల కణాలను మట్టుబెట్టడం రెండోది, అందుకు కీమో, హార్మోన్ బిళ్ళలు, లక్ష్యాన్ని ఎంచుకుని పనిచేసే ఇంజెక్షన్లు ఉన్నాయి. "గడ్డ తీసేశారు కదా, ఇంకా మందులెందుకు?" అన్న ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది.

భారతదేశంలో స్త్రీలకు వచ్చే క్యాన్సర్లలో ఇదే మొదటి స్థానంలో ఉంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో దాదాపు 1,92,000 మందికి ఇది కొత్తగా బయటపడింది, దాదాపు 98,000 మంది దీనితో మరణించారు. పాశ్చాత్య దేశాల్లో అరవై దాటిన వారిలో ఎక్కువగా కనబడే ఈ జబ్బు మన దగ్గర అంతకు పదేళ్ళ ముందే, నలభైల్లో, యాభైల్లో ఉన్నవారిలో ఎక్కువగా కనబడుతోంది. మన జనాభాలో చిన్న వయసువారు ఎక్కువగా ఉండడం దీనికి కొంత కారణం. కారణం ఏదైనా, అది ఇంటిల్లిపాదినీ మోసే వయసు. పిల్లల చదువులు, కూతురి పెళ్ళి, పొలం పనులు, మంచాన పడ్డ అత్తగారు అన్నీ ఒకేసారి మీద ఉన్న వయసులో స్త్రీ తన ఒంట్లో మార్పును చివరన పెట్టుకుంటుంది.

ఆమెను ఎక్కువగా మోసగించేది నొప్పి లేకపోవడం. రొమ్ములో నొప్పితో వచ్చేవారిలో చాలామందికి క్యాన్సర్ ఉండదు. క్యాన్సర్ గడ్డ మాత్రం మొదట్లో సాధారణంగా నొప్పి పెట్టదు. "నొప్పి లేదు కదా, పాలగడ్డ అయి ఉంటుంది" అనుకుని నెలలు గడిపేస్తారు. కొత్తగా చేతికి తగిలే గట్టి గడ్డ, చర్మం లోపలికి లాగినట్టు సొట్ట పడడం, నారింజ తొక్కలా చర్మం మందంగా, రంధ్రాలు రంధ్రాలుగా మారడం, ఇంతకు ముందు బాగున్న చనుమొన లోపలికి పోవడం, దాని నుంచి రక్తం కారడం, చంకలో గడ్డ, రొమ్ము ఎర్రబడి మందులకు తగ్గకపోవడం, వీటిలో ఏ ఒక్కటి కనబడినా పదిహేను రోజులకు మించి ఆగకూడదు. గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ కావు, కానీ ఏది కాదో చేత్తో తడిమి నిర్ణయించడం ఇంట్లో వారి వల్ల కాదు. ఆ మాటకొస్తే పరీక్షలు లేకుండా డాక్టరు వల్ల కూడా కాదు.

లక్షణాలు లేనివారికి ముందుగా పరీక్షలు చేయడం గురించి చాలామందికి తెలిసింది మామోగ్రామ్ (రొమ్ముకు తీసే ఎక్స్‌రే) ఒక్కటే. యాభై దాటిన వారిలో అది బాగా పనిచేస్తుంది. చిన్న వయసులో రొమ్ము కణజాలం దట్టంగా ఉండడం వల్ల గడ్డ కూడా, దాని చుట్టూ ఉన్నది కూడా ఎక్స్‌రేలో తెల్లగానే కనబడుతుంది కాబట్టి, నలభై లోపు వారికి లక్షణం ఉంటే అల్ట్రాసౌండ్‌తో మొదలుపెట్టడం పరిపాటి. ఊరూరా మామోగ్రామ్ యంత్రాలు పెట్టలేని దేశంలో ఏం చేయాలన్న ప్రశ్నకు ముంబైలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి 1998లో మొదలుపెట్టిన ఒక పెద్ద అధ్యయనం ఉపయోగపడే జవాబు ఇచ్చింది. అందులో దాదాపు లక్షన్నర మంది స్త్రీలు ఉన్నారు. సగం ప్రాంతాల్లో, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్ళకొకసారి చేతులతో రొమ్ము పరీక్ష చేశారు. ఇరవై ఏళ్ళ ఫలితాలు 2021లో వెలువడ్డాయి. యాభై దాటిన స్త్రీలలో ఈ జబ్బుతో మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. అంతకంటే చిన్న వయసువారిలో మరణాలు తగ్గినట్టు తేలలేదు, అయినా పరీక్షలు జరిగిన ప్రాంతాల్లో జబ్బు మొత్తం మీద ముందు దశల్లోనే దొరికింది.

మన దేశ మార్గదర్శకాలు 30 నుంచి 65 ఏళ్ళ స్త్రీలందరికీ అయిదేళ్ళకొకసారి ఇలాంటి పరీక్ష ఉచితంగా జరగాలని 2016లోనే చెప్పాయి. ఇంటికి వచ్చే ఏఎన్‌ఎం, ఆశా కార్యకర్త అడిగే ప్రశ్నలు ఈ పనిలో భాగమే. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 30-49 ఏళ్ళ స్త్రీలలో ఎప్పుడైనా రొమ్ము పరీక్ష చేయించుకున్నవారు వందకు ఒకరు కూడా లేరు. ఏఎన్‌ఎం గుమ్మంలోకి వచ్చినప్పుడు "మాకేం జబ్బుల్లేవమ్మా" అని పంపించేయడం మన వీధుల్లో మామూలు విషయం. ఆ పది నిమిషాలకు ఎంత విలువ ఉందో చెప్పే బాధ్యత చదువుకున్న వారి మీద ఉందని నేను గట్టిగా నమ్ముతాను.

గడ్డ ఉందని తెలిసిన తర్వాత జరిగే మూడు నాలుగు వారాల్లో ఎక్కువ నష్టం జరుగుతోందని నా అభిప్రాయం. జరగవలసింది ఇది: డాక్టరు పరీక్ష, స్కానింగ్, ఆ తర్వాత మందమైన సూదితో గడ్డలోంచి సన్నని ముక్కలు తీసే బయాప్సీ, అంటే మన వాడుకలో ముక్క పరీక్ష. కత్తిగాటు లేకుండా, ఆ చోటుకు మాత్రమే మత్తు ఇచ్చి, అరగంటలో ముగిసే పని. "సూది గుచ్చితే పాకుతుంది" అన్న భయం తరతరాలుగా ఉంది. నిపుణులు పద్ధతిగా చేసిన సూది పరీక్ష వల్ల రోగి ఆయుష్షు తగ్గుతుందని ఇన్నేళ్ళ అనుభవంలో ఎక్కడా తేలలేదు. నిజంగా ప్రమాదకరమైనది దీనికి వ్యతిరేకంగా జరిగే పని: ముక్క పరీక్ష లేకుండా, ఏదో ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో "గడ్డే కదా" అని కోసి తీసేయడం. తీసినదాని అంచుల్లో క్యాన్సర్ మిగిలిపోయిందో లేదో తెలియదు, ముందు కీమో ఇచ్చే అవకాశం పోతుంది, రెండో ఆపరేషన్ తప్పదు. ఎవరైనా ముక్క పరీక్ష లేకుండా ఆపరేషన్ తేదీ ఇస్తే, ఆ తేదీని వాయిదా వేసి మరొకరిని అడగడంలో తప్పు లేదు.

ఇక్కడ బయటికి కనబడని చిన్న విషయం ఒకటుంది. తీసిన ముక్కను, అది పాడవకుండా కాపాడే ఫార్మలిన్ ద్రావణంలో వెంటనే వేయాలి. సెలైన్‌లో వేసినా, ఖాళీ సీసాలో గంటల తరబడి ఉంచినా కణాల్లోని ప్రోటీన్లు పాడై, తర్వాత చేసే గ్రాహకాల (హార్మోన్లను అందుకునే ప్రోటీన్ల) పరీక్ష తప్పు ఫలితం చూపవచ్చు. హార్మోన్ గ్రాహకాలు ఉన్న రోగికి లేవని రిపోర్టు వస్తే, ఆమె ఏళ్ళ తరబడి వాడవలసిన మందు ఆమెకు అందనే అందదు. ముక్క తీసిన చోటు నుంచి గుంటూరు కొత్తపేటలోనో విజయవాడ గవర్నర్‌పేటలోనో ఉన్న ల్యాబుకు సీసాను మోసుకెళ్ళేది చాలాసార్లు రోగి కొడుకో అల్లుడో అవుతాడు. "ఇందులో ఉన్నది ఫార్మలినేనా, ముక్క ఎన్ని గంటలకు వేశారు?" అని అతడు అడిగి, సీసా మీద పేరు, సమయం రాయించుకోవడం చిన్న పని, దాని ప్రయోజనం మాత్రం పెద్దది.

ఆ రిపోర్టే మొత్తం చికిత్సకు పునాది. గడ్డ రకం, కణాల దూకుడును చెప్పే గ్రేడ్ (ఒకటి నుంచి మూడు వరకు), ఆపైన మూడు వరుసలు: ఈఆర్, పీఆర్, హెర్2. మొదటి రెండూ ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ హార్మోన్లకు ఆ కణాల్లో గ్రాహకాలు ఉన్నాయో లేవో చెబుతాయి. ఎనిమిదికి ఎన్ని అని స్కోరు వేసే ల్యాబులూ ఉన్నాయి, శాతాల్లో రాసేవీ ఉన్నాయి. మూడోది కణం పైపొర మీద ఉండి పెరుగుదలను పురికొల్పే ఒక ప్రోటీన్. దాని దగ్గర 0 లేదా 1+ అని ఉంటే లేనట్టు లెక్క, 3+ అంటే ఉన్నట్టు, 2+ అంటే తేలనట్టు. 2+ వచ్చినవారికి ఫిష్ అనే మరో పరీక్ష చేసి తేల్చుకోవాలి. అది చేయించకుండా చికిత్స మొదలుపెడితే అవసరమైన మందు అందకపోయే ప్రమాదం ఉంది.

హార్మోన్ గ్రాహకాలు ఉన్న రకం మన దేశంలో సగానికి పైగా కనబడుతుంది. ఈ కణాలకు ఈస్ట్రోజెన్ ఆహారం వంటిది, ఆ ఆహారం అందకుండా చేయడమే దీని చికిత్సలో ప్రధానం. నెలసరి ఆగని వారికి సాధారణంగా టామాక్సిఫెన్, ఆగినవారికి లెట్రోజోల్ లేదా అనాస్ట్రోజోల్ ఇస్తారు. రోజుకు ఒక్క బిళ్ళ, కనీసం అయిదేళ్ళు, జబ్బు తీవ్రతను బట్టి పదేళ్ళ దాకా. ఈ మొత్తం చికిత్సలో అత్యంత చవకైనదీ ఇదే, అత్యంత నిర్లక్ష్యానికి గురయ్యేదీ ఇదే. అయిదేళ్ళు వాడిన టామాక్సిఫెన్, ఈ రకం క్యాన్సర్‌లో పదిహేనేళ్ళ వ్యవధిలో జరిగే మరణాలను దాదాపు మూడో వంతు తగ్గిస్తుందని వేలమంది రోగుల వివరాలను కలిపి చూసిన విశ్లేషణలు నిరూపించాయి. కీమో వంటి కష్టం ఉండదు కాబట్టి ఈ చిన్న బిళ్ళకు అంత శక్తి ఉందంటే నమ్మకం కలగదు. ఒళ్ళు ఆవిర్లు వస్తున్నాయనో, లెట్రోజోల్ వల్ల పొద్దున్నే కీళ్ళు పట్టేస్తున్నాయనో, రెండో ఏడు దాటాక ఎవరికీ చెప్పకుండా మానేస్తారు. ఆ ఇబ్బందులకు మందు మార్చవచ్చు, వ్యాయామం, క్యాల్షియం, విటమిన్ డి సూచించవచ్చు. చెబితేనే కదా మార్చేది. టామాక్సిఫెన్ వాడుతూ నెలసరి ఆగిపోయిన తర్వాత మళ్ళీ రక్తస్రావం కనబడినా, ఒక కాలు వాచి నొప్పి పెట్టినా ఆ వారంలోనే డాక్టరుకు చూపించాలి.

హెర్2 ఎక్కువగా ఉన్న రకం దాదాపు అయిదింట ఒక వంతు. ఒకప్పుడు దూకుడుగా వ్యాపించే జబ్బుగా దీనికి చెడ్డపేరు ఉండేది. ఆ ప్రోటీన్‌నే పట్టుకుని అడ్డుకునే ట్రాస్టుజుమాబ్ అనే మందుకు 1998లో అమెరికాలో అనుమతి లభించిన తర్వాత దీని కథే మారిపోయింది. ధర వల్ల అది చాలాకాలం మన వాళ్ళకు అందలేదు. 2014 నుంచి దేశంలోనే తయారైన బయోసిమిలర్లు (అసలు మందులాగే పనిచేసే మందులు) మార్కెట్లోకి రావడంతో ధర బాగా దిగివచ్చింది. మూడు వారాలకొకసారి, సాధారణంగా ఏడాది పాటు ఇస్తారు. కొద్దిమందిలో గుండె పనితీరును తగ్గిస్తుంది కాబట్టి దాదాపు మూడు నెలలకొకసారి ఎకో (గుండె స్కానింగ్) పరీక్ష తప్పనిసరి. హెర్2 లేనివారికి ఈ ఇంజెక్షన్ ఎంత ఖర్చుపెట్టి వేయించినా ప్రయోజనం ఉండదు; బిళ్ళలు మాత్రమే రాశారని బాధపడే ఆవిడకు చెప్పవలసిన మాట ఇదే.

మూడూ లేని రకాన్ని ట్రిపుల్ నెగెటివ్ అంటారు. మన దేశంలో ఇది నాలుగింట ఒక వంతు పైనే ఉంటుంది, పాశ్చాత్య దేశాలకంటే ఎక్కువ. హార్మోన్ బిళ్ళలకు గానీ ట్రాస్టుజుమాబ్‌కు గానీ లొంగదు కాబట్టి కీమోనే ప్రధాన ఆయుధం. కొందరికి ఒంటి రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదికి పురికొల్పే ఇమ్యునోథెరపీ కూడా కలుపుతారు, కానీ దాని ధర ఇంకా సామాన్యులకు అందనంత ఎత్తులో ఉంది. బీఆర్‌సీఏ జన్యువుల్లో మార్పు ఉన్నవారికి ఈ రకం వచ్చే అవకాశం ఎక్కువ. మొత్తం రొమ్ము క్యాన్సర్లలో వంశపారంపర్యంగా వచ్చేవి నూటికి అయిదు నుంచి పది మాత్రమే. అయినా చిన్న వయసులో ఈ రకం వచ్చినా, ఇంట్లో తల్లికో పిన్నికో రొమ్ము లేదా అండాశయ క్యాన్సర్ ఉన్నా జన్యు పరీక్ష గురించి అడగాలి. అది అక్కచెల్లెళ్ళకు, కూతుళ్ళకు కూడా సంబంధించిన విషయం. మగవారికి కూడా ఈ జబ్బు వస్తుంది, రొమ్ము క్యాన్సర్ రోగుల్లో దాదాపు నూటికి ఒకరు మగవారు, వారు ఆసుపత్రికి ఇంకా ఆలస్యంగా వస్తారు.

కీమో చరిత్రలో మన భీమవరానికి చెందిన యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు చెప్పుకోకుండా ముందుకు పోలేము. 1940లలో ఆయన అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో నడిపించిన పరిశోధన నుంచే ఫోలిక్ ఆమ్లానికి అడ్డుపడే మందులు పుట్టాయి, మెథోట్రెక్సేట్ వాటిలో ఒకటి. 1976లో ఇటలీలోని మిలాన్ నగరంలో బోనడోనా అనే వైద్యుడి బృందం, ఆపరేషన్ తర్వాత మెథోట్రెక్సేట్‌తో కూడిన మూడు మందుల కీమో ఇస్తే రొమ్ము క్యాన్సర్ తిరగబెట్టడం తగ్గుతుందని చూపింది. ఆపరేషన్ తర్వాత కూడా మందులు ఇవ్వాలన్న నేటి పద్ధతికి అది బలమైన ఆధారం అయింది. అప్పటికి సుబ్బారావు గారు కన్నుమూసి దాదాపు మూడు దశాబ్దాలు.

ఆపరేషన్ కథ కూడా ఇలాంటిదే. పంతొమ్మిదో శతాబ్దం చివరలో హాల్‌స్టెడ్ అనే అమెరికన్ సర్జన్ రొమ్ముతో పాటు ఛాతీ కండరాలను, చంకను కూడా తొలగించే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు. ఎంత ఎక్కువ తీస్తే అంత మంచిదన్న నమ్మకం డెబ్బై ఎనభై ఏళ్ళు రాజ్యమేలింది. బెర్నార్డ్ ఫిషర్ అనే మరో అమెరికన్ సర్జన్ 1976లో మొదలుపెట్టిన అధ్యయనం, మిలాన్‌లో జరిగిన మరో అధ్యయనం, రెండూ 2002లో ఇరవై ఏళ్ళ ఫలితాలు ప్రకటించాయి: గడ్డను మాత్రం తీసి రేడియేషన్ ఇచ్చినవారూ, రొమ్ము మొత్తం తీయించుకున్నవారూ సమానంగా జీవించారు. "మొత్తం తీసేస్తే పీడా పోతుంది" అన్న మాట ఇంట్లో పెద్దవాళ్ళ నోటి నుంచి వెంటనే వస్తుంది. గడ్డ చిన్నదై, ఒకే చోట ఉండి, రేడియేషన్‌కు వీలున్నప్పుడు ఆ మాటకు ఆధారం లేదు. గడ్డ పెద్దదైనా, చంకలోకి పాకినా ముందు కీమో ఇచ్చి కుదించి తర్వాత ఆపరేషన్ చేస్తారు. మందు పనిచేస్తున్నదీ లేనిదీ కళ్ళ ముందే తెలియడం ఈ వరుసలో ఉన్న మరో లాభం. ట్రిపుల్ నెగెటివ్, హెర్2 రకాల్లో గడ్డ ఓ మోస్తరుగా ఉన్నా ఇలాగే చేయడం ఇప్పుడు పద్ధతి. "ఆపరేషన్ ఆలస్యం చేస్తున్నారు" అని భయపడవలసిన పని లేదు.

రేడియేషన్‌ను మన దగ్గర "కరెంటు పెట్టడం" అంటారు. ఆ మాట వినగానే షాక్ కొడుతుందని భయపడేవారు ఉన్నారు. పడుకోబెట్టి కొద్ది నిమిషాలు కిరణాలు పంపుతారు, నొప్పి ఉండదు, ఒంట్లో కిరణాలు మిగలవు, ఇంటికి వెళ్ళి మనవణ్ణి ఎత్తుకోవచ్చు. ఒకప్పుడు అయిదు వారాలు సాగిన ఈ చికిత్స ఇప్పుడు చాలామందికి మూడు వారాల్లో పూర్తవుతోంది. చంకలో గ్రంథులకు జబ్బు పాకినవారికి రొమ్ము మొత్తం తీసిన తర్వాత కూడా ఇది అవసరం కావచ్చు.

కీమో సాధారణంగా మూడు వారాలకొకసారి, కొన్ని మందులు వారం వారం. మిర్చి తొడిమలు తీసే కూలీకి సీజన్లో ఒక్క కీమో అంటే కనీసం నాలుగైదు రోజుల కూలి పోయినట్టే, తోడు వచ్చిన భర్త కూలి అదనం. ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఆపరేషన్, కీమో, రేడియేషన్ నమోదైన ఆసుపత్రుల్లో ఉచితంగా జరుగుతాయి. గుంటూరు ప్రభుత్వ సమగ్ర ఆసుపత్రి ఆవరణలో నాట్కో ట్రస్టు కట్టించిన క్యాన్సర్ కేంద్రం ఉంది, మంగళగిరిలో ఎయిమ్స్ ఉంది. అయినా ఛార్జీలు, పోయిన కూలి, బయట చేయించిన పరీక్షలు ఏ పథకంలోనూ పూర్తిగా రావు, చికిత్స మధ్యలో ఆగిపోవడానికి ఇవి పెద్ద కారణం. పథకం వివరాలను మొదటి రోజే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి, ఏది వర్తిస్తుందో రాయించుకోవడం మేలు.

కీమో తర్వాత ఒకటి రెండు వారాల్లో తెల్లరక్తకణాలు అడుగంటుతాయి. ఆ రోజుల్లో జ్వరం 100.4 డిగ్రీలు దాటితే పారాసిటమాల్ వేసుకుని తెల్లారేదాకా చూడకూడదు, అర్ధరాత్రి అయినా ఆసుపత్రికి వెళ్ళాలి. ఇది ప్రాణాపాయ స్థితి. ఇక పథ్యం పేరుతో గుడ్డు, మాంసం, పెరుగు మాన్పించి చారన్నం పెట్టడం ప్రేమతో చేసే అపకారం. కణాలు తిరిగి పుట్టడానికి మాంసకృత్తులు కావాలి. పసరు కట్లు, నాటు మందులు జబ్బును నయం చేయవు, కొన్ని కీమో సమయంలో కాలేయాన్ని దెబ్బతీస్తాయి. జుట్టు ఊడిపోతుంది, ఎక్కువ మందులతో అది తప్పదు, మళ్ళీ వస్తుంది. చంకలోని గ్రంథులు తీసినవారు చేతి వ్యాయామాలను ఆపరేషన్ తర్వాతి రోజుల నుంచే మొదలుపెట్టాలి, చెయ్యి బరువెక్కుతున్నట్టు, గాజులు బిగుస్తున్నట్టు అనిపిస్తే వెంటనే చూపించుకోవాలి. ఆ వాపు మొదట్లో లొంగుతుంది, ముదిరితే లొంగదు.

జబ్బు ఎముకలకో కాలేయానికో చేరిన నాలుగో దశలో పూర్తిగా నయం చేయడం అరుదు. భారతీయ వైద్య పరిశోధన మండలి నమోదు కేంద్రాల లెక్కల్లో, రొమ్ముకే పరిమితమైన దశలో దొరికినవారిలో అయిదేళ్ళ తర్వాత నూటికి దాదాపు 81 మంది జీవించి ఉంటే, దూరంగా పాకిన దశలో దొరికినవారిలో 18 మందే ఉన్నారు. అయినా "నాలుగో స్టేజీ కదా, ఇంటికి తీసుకెళ్ళిపోండి" అన్న సలహాతో నేను ఏకీభవించలేను. హార్మోన్ రకంలో బిళ్ళలతోనే ఏళ్ళు గడిపేవారు ఉన్నారు. వాటికి జతగా ఇచ్చే పాల్బోసిక్లిబ్ అనే మందు పేటెంటు 2023లో ముగిశాక మన కంపెనీల జెనరిక్‌లు వచ్చి ధర చాలా తగ్గింది. ఎముకల నొప్పికి రేడియేషన్, తగ్గని నొప్పికి మార్ఫిన్ ఉన్నాయి. మార్ఫిన్ అలవాటవుతుందని బాధపెట్టడం అన్యాయం.

చికిత్స ముగిసిన తర్వాత మొదటి మూడేళ్ళు మూడు నుంచి ఆరు నెలలకొకసారి, తర్వాత రెండేళ్ళు ఆరు నుంచి పన్నెండు నెలలకొకసారి, ఆపైన ఏడాదికొకసారి డాక్టరుకు చూపించుకోవాలి. ఏడాదికొక మామోగ్రామ్ చాలు. లక్షణాలు లేకుండా ప్రతిసారీ ఒళ్ళంతా చూసే పెట్ స్కాన్ తీయించడం వల్ల ఆయుష్షు పెరగదు, ఖర్చు, భయం పెరుగుతాయి. వదలకుండా ఉండే వెన్నునొప్పి, తగ్గని పొడి దగ్గు, ఆయాసం, కొత్తగా మొదలైన తలనొప్పి, మచ్చ పక్కన చేతికి తగిలే గట్టిదనం, వీటిలో ఏది కనబడినా తర్వాతి తేదీ కోసం ఎదురుచూడకుండా, మొదటి ముక్క పరీక్ష రిపోర్టుతో సహా పాత ఫైలు మొత్తం పట్టుకుని వెళ్ళాలి. తిరగబెట్టిన చోట మళ్ళీ ముక్క తీసి, ఈఆర్, పీఆర్, హెర్2 పరీక్షలు మూడింటినీ మళ్ళీ చేయించమని అడగాలి, ఎందుకంటే తిరిగి వచ్చిన జబ్బు రకం కొందరిలో మారి ఉంటుంది.